రావాలి, వస్తుంది: నాటక పోటీల ఫలితాల్లో ప్రేక్షకుల అంచనాలు ఎక్కడ తప్పుతాయి

నాటక పరిషత్తు పోటీల్లో చివరి రాత్రి చివరి నాటికకు తెర పడిన తర్వాత కూడా ఫలితాలు వెంటనే రావు. న్యాయనిర్ణేతలు లోపలి గదిలో మార్కుల కాగితాలు ముందు వేసుకుని కూర్చుంటారు, వేదిక మీద సన్మానాలూ దాతల ప్రసంగాలూ సాగుతుంటాయి. ఆ గంట, గంటన్నర వ్యవధిలో ప్రేక్షకుల వరసల్లో మరో తీర్పు తయారవుతుంది. ఉత్తమ ప్రదర్శన ఫలానా నాటక సమాజానిదే, ఉత్తమ నటుడు నిన్న రెండో నాటికలో తండ్రి వేషం కట్టినాయనే, రచన బహుమతి మాత్రం మొదటి రోజు నాటికకు ఇవ్వక తప్పదు అని ఎవరి జాబితా వారు చదువుతారు. తీరా ఫలితాలు చదువుతుంటే సగం పేర్లు కలవవు. అప్పుడు వినిపించే మాట ఒకటే: "ఇదేం న్యాయం?"

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. అందులో నాటకం మీద ప్రేమ ఉంది. అయితే అంచనాకూ ఫలితానికీ మధ్య ఏర్పడే దూరమంతా అన్యాయం వల్లనే వస్తుందని అనుకుంటే మాత్రం అసలు విషయం చేజారిపోతుంది. ఎన్నో పరిషత్తుల్లో కూర్చుని, చేతిపుస్తకంలో అంచనాలు రాసుకుని, తర్వాత ఫలితాలతో సరిచూసుకున్న మీదట నాకు అర్థమైనంత మేరకు ఆ దూరం ఎలా ఏర్పడుతుందో వివరించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చి చేరిన ప్రాంతం మాది. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో ఒడియా. తెలుగు నాటక పోటీలు చూడాలంటే మాలో చాలామంది రైలెక్కి ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం జిల్లా ఊళ్ళకు వెళతారు. పర్లాకిమిడి వాళ్ళకు ఆ తిప్పలు తక్కువ, పాతపట్నం పక్కనే. అలా ఒకసారి వెళ్ళినప్పుడు నా మేనకోడలు నా చేతిపుస్తకం తీసుకుని చూసి, "మావయ్యా, ఇందులో రాసినవి ఎవరికి రావాలనా, ఎవరికి వస్తాయనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. అన్నేళ్ళుగా నేను ఆ రెండింటినీ ఒకే గడిలో రాస్తున్నానని ఆ క్షణంలోనే తెలిసింది.

ఆ రెండు మాటల మధ్య తేడా చాలా ఉంది. "రావాలి" అనడం నాటకం గురించి చెప్పే అభిప్రాయం. "వస్తుంది" అనడం తీర్పు చెప్పే పద్ధతి గురించి చేసే ఊహ. మొదటిదానికి మంచి ప్రేక్షకుడై ఉంటే చాలు. రెండోదానికి న్యాయనిర్ణేతలు ఎందరు, వారికి ఇచ్చిన కాగితంలో ఏయే గళ్ళున్నాయి, ఆ అంకెలను ఎలా కలుపుతారు అన్నవి తెలిసి ఉండాలి. మనం మొదటి ప్రశ్నకు జవాబు రాసుకుని, రెండో ప్రశ్నకు వచ్చిన ఫలితంతో దాన్ని పోల్చుకుంటాం. నిరాశలో సగం అక్కడే పుడుతుంది.

తెలుగు నాటక పోటీల వ్యవస్థకు మంచి వయసే ఉంది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలో ఏర్పడింది. ఆ తర్వాత ఊరూరా పరిషత్తులు వెలిశాయి. ప్రభుత్వం తరఫున 1998లో నంది నాటకోత్సవాలు మొదలయ్యాయి. పద్యనాటకం, సాంఘిక నాటకం, సాంఘిక నాటిక, బాలల నాటిక అంటూ విభాగాల వారీగా స్వర్ణ, రజత, కాంస్య నందులు ఇచ్చే పద్ధతి వచ్చింది. వచ్చిన ఎంట్రీలను ముందుగా ఒక ప్రాథమిక పరిశీలన సంఘం చూసి, ఎంపికైన వాటినే తుది పోటీకి పంపడం పెద్ద పోటీలన్నిటిలో ఆనవాయితీ. అంటే మనం చూసే నాటికలు అప్పటికే ఒక జల్లెడ దాటి వచ్చినవి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ అంచనా వేసేవారు మొదట గుర్తుపెట్టుకోవలసింది ఇదే. జల్లెడ పట్టిన తర్వాత మిగిలిన వాటి మధ్య తేడాలు స్వల్పంగా ఉంటాయి, స్వల్పమైన తేడాల దగ్గర లెక్క కట్టే పద్ధతే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

ఎలా నిర్ణయిస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ముగ్గురు న్యాయనిర్ణేతలు, మూడు నాటికలు, ఒక్కొక్క దానికి నూటికి మార్కులు అనుకుందాం. మొదటి నాటికకు ఆ ముగ్గురూ వరసగా 92, 90, 70 వేశారు. రెండో నాటికకు 85, 85, 84 వేశారు. మూడో నాటికకు 80, 78, 80 వేశారు. మొత్తాలు కూడితే మొదటిదానికి 252, రెండోదానికి 254, మూడోదానికి 238. ఉత్తమ ప్రదర్శన బహుమతి రెండో నాటికకు పోతుంది. కానీ ముగ్గురిలో ఇద్దరు మొదటి నాటికనే అన్నిటికంటే మిన్నగా ఎంచారు. ఎవరికి మొదటి స్థానం ఇచ్చారని చేతులెత్తించి అడిగి ఉంటే, రెండు ఓట్లతో మొదటి నాటికే గెలిచేది. స్థానాలను కూడి చూస్తే మొదటి నాటికకు 1, 1, 3, రెండోదానికి 2, 2, 1 వచ్చాయి కనుక రెండింటికీ అయిదు చొప్పున సమానమవుతుంది. అవే మూడు కాగితాలు, అవే అంకెలు, ఫలితాలు మాత్రం మూడు. ఇక్కడ ఎవరూ పక్షపాతం చూపలేదు. మూడో న్యాయనిర్ణేతకు మొదటి నాటిక నిజంగానే నచ్చలేదు, అంతే. అయితే మార్కులు కూడే పద్ధతిలో ఒక్కరి గట్టి అయిష్టం ఇద్దరి ఇష్టాన్ని తోసిపుచ్చగలదు. అందువల్ల ఈ పద్ధతిలో కొందరిని ఉర్రూతలూగించి ఒకరిద్దరిని చిరాకుపెట్టిన సాహసోపేతమైన నాటిక కంటే, ఎవరికీ అభ్యంతరం లేని పొందికైన నాటికకే అవకాశం ఎక్కువ. నా మట్టుకు నాకు ఇది బాధ కలిగించే సంగతి. ఎందుకంటే మన నాటకరంగానికి ఈ రోజున పొందిక కంటే సాహసం అవసరం. కానీ ఆ బాధ వేరు, అన్యాయం జరిగిందని అనడం వేరు.

క్రమం ప్రభావం కూడా ఉంటుంది. మొదటి రోజు మొదటి నాటికకు మార్కులు వేసేటప్పుడు, ముందు ఇంకా ఎన్ని మంచివి వస్తాయో తెలియక న్యాయనిర్ణేత చేయి కాస్త బిగబట్టే ఉంటుంది. చివరి రోజున ఆ భయం ఉండదు. ప్రేక్షకుల విషయంలోనూ నిన్న రాత్రి చూసినది కళ్ళ ముందే ఉంటుంది, నాలుగు రోజుల కిందటిది మసకబారుతుంది. అనుభవమున్న సమాజాల వాళ్ళు మొదటి రోజు మొదటి వేళ చీటీలో వస్తే ముఖం చిన్నబుచ్చుకోవడం నేను చూశాను.

ఇక తరచుగా వినే ఫిర్యాదు మరొకటి ఉంది. "ఉత్తమ రచన వాళ్ళకే, ఉత్తమ దర్శకత్వం వాళ్ళకే, ఉత్తమ నటుడు వాళ్ళకే వచ్చినప్పుడు, ఉత్తమ ప్రదర్శన మరొకరికి ఎలా వెళ్ళింది?" పైకి చూస్తే తిరుగులేని వాదనలా ఉంటుంది. నిజానికి ప్రదర్శన బహుమతి అన్నది వ్యక్తిగత బహుమతుల మొత్తం కాదు. దానికి వేరే గడి ఉంటుంది, లేదా సంగీతం, రంగాలంకరణ, ఆహార్యం, కాంతి, సమష్టి నటన అన్నీ కలిపిన మొత్తం ఉంటుంది. ప్రతి విభాగంలోనూ రెండో స్థానంలో నిలిచిన నాటిక ఒక్క వ్యక్తిగత బహుమతీ లేకుండా మొత్తం మీద మొదటిది కావచ్చు. ఇది మన ఊళ్ళకే ప్రత్యేకమైన విడ్డూరమేమీ కాదు. న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకశాలలకు ఇచ్చే టోనీ పురస్కారాల్లో 1972లో "ఫాలీస్" అనే సంగీత నాటకానికి ఏడు బహుమతులు వచ్చాయి. అయినా ఉత్తమ సంగీత నాటకం బహుమతి మాత్రం "టూ జెంటిల్‌మెన్ ఆఫ్ వెరోనా"కు వెళ్ళింది. దాని మీద అక్కడి అభిమానులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

చప్పట్ల విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. సరిహద్దు ప్రాంతపు ప్రేక్షకుల అంచనాలు ప్రత్యేకంగా తప్పేది ఇక్కడే. మా చెవులు రెండు సంప్రదాయాల్లో పెరిగాయి. ఒకవైపు తెలుగు పద్యనాటకం. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం అందుకుని రాగం సాగదీస్తే "వన్స్‌మోర్" అనడం ప్రేక్షకుడి హక్కు, ఆ కేకల సంఖ్యే నటుడి ఖ్యాతికి కొలమానం. మరోవైపు ఒడియా జానపద నాటకం జాత్రా, పాడుతూ కథ చెప్పే పాలా. బాదీ పాలాలో రెండు బృందాలు ఒకే సభ ముందు పోటీపడి, ఒకరి పాండిత్యాన్ని ఒకరు మించాలని చూస్తాయి, సభ ఊగిపోతుంది. ఈ రెండు చోట్లా తీర్పు జనం గొంతులోనే ఉంటుంది. అలా పెరిగిన మేము పరిషత్తు నాటికల ముందు కూర్చున్నప్పుడు కూడా తెలియకుండానే చప్పట్లు లెక్కపెడతాం. ఏ నాటికకు ఎక్కువ మోగాయో దానికే బహుమతి అని నిర్ధారించుకుంటాం. పద్యనాటకంలో ఈ లెక్క చాలావరకు పనికివస్తుంది. సాంఘిక నాటిక దగ్గర దెబ్బతింటుంది. అక్కడ చప్పట్లు చాలాసార్లు ఒక వాక్యానికి పడతాయి, నటనకు కాదు. రాజకీయ నాయకుణ్ణి తిట్టే డైలాగుకు ఏ ఊళ్ళోనైనా చప్పట్లు మోగుతాయి, అది ఎవరు చెప్పినా సరే.

భరతుడి నాట్యశాస్త్రంలో సిద్ధివ్యంజకాధ్యాయం అని ఒక అధ్యాయం ఉంది. ప్రదర్శన నెగ్గిందని ఎలా గుర్తించాలో అందులో చెప్పారు. సిద్ధి రెండు రకాలు. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వడం, బిగ్గరగా నవ్వడం, "సాధు" అనడం, "అహో" అనడం, "కష్టం" అని నిట్టూర్చడం, ఒళ్ళు గగుర్పొడవడం, ఆసనాల మీంచి లేవడం, ఇవన్నీ మానుషీ సిద్ధి. సభ నిండుగా ఉండి, శబ్దం గానీ కలకలం గానీ ఉపద్రవం గానీ లేకపోవడం దైవీ సిద్ధి. చప్పుడును మనుషుల పక్షానా నిశ్శబ్దాన్ని దేవతల పక్షానా ఉంచిన ఆ విభజన నాకెంతో ఇష్టం. తీర్పరులుగా ఎవరుండాలో కూడా అక్కడే జాబితా ఇచ్చారు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు, రాజు అని సాగే ఆ జాబితాలో ఒక్కొక్కరూ తమకు తెలిసిన అంశాన్నే తూచాలి. విల్లు పట్టిన తీరు సరిగా ఉందా లేదా అన్నది విలుకాడు చెప్పాలి. పోటీలో నెగ్గినవారికి పతాక ఇవ్వాలనీ, ఇద్దరూ సమానులైతే ఇద్దరికీ ఇవ్వాలనీ కూడా ఉంది. అంటే జనం స్పందన, నిపుణుల తూకం అన్నవి రెండు వేర్వేరు లెక్కలని ఆ కాలానికే తెలుసు. ఈ రెండూ ఎప్పుడూ ఒకే పేరు దగ్గర కలుసుకోవాలని మనం ఎందుకు పట్టుబడుతున్నామో ఆలోచించాలి.

మా ప్రాంతపు అంచనాలను పక్కదారి పట్టించే మరో సంగతి యాస. శ్రీకాకుళం మాటలో నడిచే నాటిక వేదికెక్కితే బరంపురం, పర్లాకిమిడి నుంచి వచ్చిన వాళ్ళకు ప్రాణం లేచివస్తుంది. అది మా నానమ్మల భాష. ఆ పరవశంలో నటుడి వాచికానికి, అంటే మాట పలికే తీరుకు, మేము మనసులోనే నూటికి నూరు వేసేస్తాం. న్యాయనిర్ణేత గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చినవారైతే, అదే యాసలో ఆయనకు వినబడేది వేరు. కొందరికి కొత్తదనం వినబడుతుంది, కొందరికి స్పష్టత లోపం వినబడుతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ ఊరి వాళ్ళకు తమ మాట వేదిక మీద వినబడాలన్న పట్టుదల ఉండటం సహజం, అది మంచిది కూడా. అయితే అంచనా వేసే రాత్రి ఆ ఇష్టాన్ని "రావాలి" అనే గడిలో రాసుకోవాలి, "వస్తుంది" అనే గడిలో కాదు.

అంచనాలు వేయడంలో ఆరితేరిన వాళ్ళు ఆధారపడేది పాత ఫలితాల మీద. ఒకే నాటిక ఒక సీజనులో అనేక పరిషత్తుల్లో ఆడుతుంది. ఇప్పటికే మూడు చోట్ల ఉత్తమ ప్రదర్శన తీసుకుని వచ్చిందని తెలిస్తే నాలుగో చోట కూడా దాన్నే పైన రాస్తారు. ఇందులో తర్కం ఉంది. నటులు అవే పాత్రల్లో రాటుదేలతారు, న్యాయనిర్ణేతల్లో కొందరు అక్కడా ఇక్కడా వారే ఉంటారు. కానీ ఈ లెక్క ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ పనిచేయదో టోనీ పురస్కారాలతో పోల్చి చూస్తే బాగా తెలుస్తుంది. మా ఇళ్ళలో ఇప్పుడు వాటిని అనుసరించే పిల్లలున్నారు. న్యూయార్క్‌లో జూన్ నెల ఆదివారం రాత్రి ఎనిమిదికి ఉత్సవం మొదలైతే మనకు సోమవారం తెల్లవారుజాము అయిదున్నర. వాళ్ళు ఆ వేళకు లేచి ఫోనులో ఫలితాలు చూస్తారు. టోనీలు 1947లో మొదలయ్యాయి. అయిదు వందలు, అంతకు మించి సీట్లున్న బ్రాడ్‌వే నాటకశాలల్లోని ప్రదర్శనలకే ఇస్తారు. వాటికి ముందే ఫలితాలు వచ్చే డ్రామా డెస్క్ పురస్కారాల్లో బ్రాడ్‌వే ప్రదర్శనలతో పాటు బయటి చిన్న నాటకశాలల ప్రదర్శనలు కూడా పోటీలో ఉంటాయి. ఇచ్చేవాళ్ళు వేరు, పోటీలో ఉన్నవీ వేరు. అందువల్ల ఒకదాని ఫలితం మరొకదానికి సూచన మాత్రమే అవుతుంది.

అంతకంటే ముఖ్యమైన తేడా ఓటు వేసే తీరులో ఉంది. మన పరిషత్తులో ముగ్గురు కూర్చుని మార్కులు వేస్తే, టోనీలకు ఎనిమిది వందల మందికి పైగా ఓటు వేస్తారు. వారిలో నటులు, దర్శకులు, నిర్మాతలు, ఊరూరా ప్రదర్శనలు తిప్పే వ్యాపారులు కూడా ఉంటారు. ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారిదే బహుమతి. అయిదుగురు బరిలో ఉన్నప్పుడు ఓట్లు దాదాపు సమానంగా చీలిపోతే, నూటికి ఇరవై కంటే కాస్త ఎక్కువ వచ్చినా గెలవవచ్చు. అక్కడ గాఢంగా ప్రేమించే కొద్దిమంది ఉంటే చాలు, మిగిలినవారికి నచ్చకపోయినా ఫరవాలేదు. మన మార్కుల పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. 2004లో భారీ హంగులతో వచ్చిన "వికెడ్" గెలుస్తుందని అత్యధికులు అనుకున్నారు. బొమ్మలతో నడిచే చిన్న సంగీత నాటకం "ఎవెన్యూ క్యూ" గెలిచింది. జనాదరణలో మాత్రం "వికెడ్" ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా ఆడుతూనే ఉంది. ఏది సరైన తీర్పో వాదించుకోవచ్చు గానీ, టికెట్లు కొనేవాళ్ళ సంఖ్యను చూసి ఓటర్ల మనసును ఊహించడం కుదరదని ఆ రాత్రి తేలిపోయింది. ఒకే ఒక్క అభ్యర్థి ఉన్నప్పుడు కూడా అక్కడ నియమం ఉంది. కొవిడ్ వల్ల ఆలస్యమై 2021 సెప్టెంబరులో జరిగిన ఉత్సవంలో, సంగీత నాటక ప్రధాన నటుడి విభాగంలో ఆరన్ ట్వేట్ ఒక్కరే పోటీలో ఉన్నారు. అయినా ఓటు వేసినవారిలో నూటికి అరవై మంది సరేననాలన్న షరతు దాటాకే ఆయనకు బహుమతి దక్కింది. ఆ నియమం అందరికీ ముందే తెలుసు. నేను ఈ ఉదాహరణ తెచ్చింది అందుకోసమే.

ఫలితాలు వచ్చాక జరిగేదాన్ని కూడా జాగ్రత్తగా చూడాలి. బహుమతులు కింది నుంచి పైకి చదువుతారు కనుక, మనం మొదటిదనుకున్న నాటిక పేరు ద్వితీయ ఉత్తమ ప్రదర్శనగా వినబడగానే గుండె జారిపోతుంది. ఆ తర్వాత అరగంటలో జ్ఞాపకం మారడం మొదలవుతుంది. గెలిచిన నాటికను ముందు పట్టించుకోని వాళ్ళు "నేను అప్పుడే అనుకున్నాను" అంటారు. ఓడినదాన్ని మోసినవాళ్ళు "ముందే అనుకుని ఇచ్చారు" అంటారు. రెండు మాటలకూ ఆధారం ఉండదు. చేతిపుస్తకంలో ముందుగా రాసి పెట్టుకుంటే తప్ప, మనం నిజంగా ఏమనుకున్నామో మర్నాటికి మనకే తెలియదు.

అనుమానాలన్నీ ఉత్తవేనని నేను అనడం లేదు. పరిషత్తు నాటకరంగం చిన్న కుటుంబం లాంటిది. ఈ ఊళ్ళో న్యాయనిర్ణేతగా కూర్చున్న రచయిత నాటిక వచ్చే నెల మరో ఊళ్ళో పోటీలో ఉంటుంది, అక్కడ తీర్పు చెప్పేది ఇక్కడ పోటీపడిన దర్శకుడు కావచ్చు. ఒక పరిషత్తులో, దాని పేరు చెప్పను, పోటీలో ఉన్న సమాజానికి అంతకుముందు సంవత్సరం నాటిక రాసిచ్చిన ఆయనే న్యాయనిర్ణేతల్లో ఒకరిగా కూర్చున్నారు. ఆయన తప్పుగా మార్కులు వేశారని నేను చెప్పలేను. కానీ ఆ సంగతి ముందే ప్రకటించి ఉంటే, ఆ సమాజం గెలిచిన రాత్రి ఆ నటుల ముఖాల్లో సంతోషం నిండుగా ఉండేది. గెలిచినవాళ్ళకు జరిగిన నష్టం అది. సొంత ఖర్చులతో, ఉద్యోగాలకు సెలవులు పెట్టుకుని, సెట్టు సామాను వ్యానులో వేసుకుని రాత్రంతా ప్రయాణం చేసి వచ్చే సమాజాలకు ఆ మాత్రం గౌరవం దక్కాలి.

ఇందుకు పెద్ద సంస్కరణలేమీ అక్కర్లేదు. ఏయే అంశానికి ఎన్ని మార్కులో, ముగ్గురి మార్కులను ఎలా కలుపుతారో, సమానమైతే ఏం చేస్తారో ఒక కాగితం మీద రాసి మొదటి రోజే హాలు గుమ్మం దగ్గర అతికిస్తే చాలు. ఫలితాల తర్వాత న్యాయనిర్ణేతల పేర్లు లేకుండా మొత్తం మార్కులు మాత్రం ప్రకటిస్తే ఇంకా మంచిది. రెండు మార్కుల తేడాతో పోయిందని తెలిసిన సమాజం మర్నాడు ఆ రెండు మార్కుల కోసం మళ్ళీ రిహార్సల్స్ మొదలుపెడుతుంది. ఏమీ తెలియని సమాజానికి మిగిలేది కోపమే.

మేనకోడలి ప్రశ్న తర్వాత నేను పుస్తకంలో ప్రతి పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు "రావాలి" అనీ కుడివైపు "వస్తుంది" అనీ రాయడం మొదలుపెట్టాను. కిందటిసారి వెళ్ళిన పోటీల్లో ఆ రెండు వరసలూ మూడు చోట్ల వేరుపడ్డాయి. రెండు చోట్ల కుడివైపు రాసినదే నిజమైంది. మూడోది ఉత్తమ నటి. అక్కడ నేను రెండువైపులా రాసిన పేర్లలో ఏదీ కాక, రెండో రోజు రాత్రి ఒక తల్లి పాత్ర వేసిన ఆమె పేరు చదివారు. ఆమె మెట్లెక్కుతుండగా నేను పేజీలు వెనక్కి తిప్పి, ఆ రాత్రి ఆ నాటిక గురించి ఏం రాసుకున్నానో వెతికాను. ఆమె పాత్ర పేరు పక్కన నా చేతిరాతలో ఒక్క వాక్యమే ఉంది: "ఉత్తరం చదివే సన్నివేశం, ఒక్క చప్పట్టూ లేదు, హాల్లో ఎవరూ కదల్లేదు."